చేతిలో ఉన్నది ఎవరిది?



ఉద్యోగం వచ్చి మొదటి జీతం చేతిలో పడిన రోజున మన హాస్టల్ పిల్లవాడి చుట్టూ ఎంతమంది నిలబడతారో ఈ సంచిక చదివే పాత విద్యార్థులందరికీ తెలిసిన విషయమే. నాన్న చేసిన అప్పు ఉంటుంది. చెల్లెలి పెళ్ళి ఉంటుంది. అమ్మకు కళ్ళ ఆపరేషను ఉంటుంది. చర్చికి వెళ్ళే ఇల్లయితే దశమభాగం ఉంటుంది. ఇంటర్ ఫీజు కట్టలేక ఫోన్ చేసే హాస్టల్ తమ్ముడొకడు ఉంటాడు. ఇవన్నీ పోగా, ఇన్నేళ్ళు ఒక జత చెప్పులతో నెట్టుకొచ్చిన మనిషికి మంచి ఫోను, బండి కొనుక్కోవాలన్న ఆశ కూడా ఉంటుంది. జీతం మాత్రం పదిహేను వేలో పద్దెనిమిది వేలో! ఇందులో ఎవరిది ముందు, ఎవరిది వెనుక?

ఈ ప్రశ్నకు క్రైస్తవ విశ్వాసంలో ఒక పాత మాట ఉంది. దాన్ని గృహనిర్వాహకత్వం అంటారు. డబ్బు, వస్తువులు, మనకున్న నేర్పు, ఈ మూడింటికీ అది వర్తిస్తుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం హాస్టళ్ళలో చదువుకొని బయటికి వచ్చిన మేము కొందరం కలిసి ఆ మాటకు అర్థం ఏమిటో, మనలాంటి ఇళ్ళకు అది ఎలా పనికొస్తుందో ఇక్కడ వివరించే ప్రయత్నం చేస్తున్నాం. మాలో ఎక్కువమంది ఆదివారం గుడికి వెళ్ళేవాళ్ళమే. కానీ హాస్టల్ ఏ ఒక్క మతానిదీ కాదని మాకు తెలుసు. పెనుకొండ బాబయ్య దర్గాకు వెళ్ళేవాళ్ళూ, కదిరి నరసింహస్వామి రథం లాగి వచ్చేవాళ్ళూ ఒకే వరుసలో ప్లేట్లు పట్టుకొని నిలబడిన చోటు ఇది. నమ్మేవాళ్ళు దీన్ని నమ్మకంగా, మిగిలినవాళ్ళు లెక్కగా చదువుకోవచ్చు.

గృహనిర్వాహకుడు అన్నది తెలుగు బైబిల్‌లోని మాట. కొత్త నిబంధన గ్రీకు భాషలో దాని మూలం ఓయికొనొమోస్. ఇల్లు నడిపేవాడు అని అర్థం. ఎకనామిక్స్ అనే పేరు కూడా ఈ కుటుంబంలోనిదే అని కామర్స్ చదివే తమ్ముళ్ళు గుర్తుపెట్టుకోవచ్చు. ఆ కాలంలో పెద్ద ఇళ్ళలో ధాన్యం కొట్టు తాళాలు ఇతని దగ్గర ఉండేవి. వేళకు పనివాళ్ళకు తిండి కొలిచి ఇవ్వడం, లెక్క రాయడం ఇతని పని. చాలాసార్లు ఇతను కూడా ఆ ఇంటి దాసుడే. అంటే గింజ తనది కాదు, తాళం మాత్రం తనది. ఐగుప్తులో అన్నలు అమ్మేసిన యోసేపు పోతీఫరు ఇంట్లో చేసిన పని ఇదే.

మన హాస్టల్ స్టాక్ రిజిస్టరు చూసినవాళ్ళకు ఈ మాట వివరించనక్కర్లేదు. నిన్నటి నిల్వ, ఈ రోజు వచ్చినది, వంటకు ఇచ్చినది, మిగిలినది అని గీతలు గీసి ఉంటాయి. బియ్యం బస్తా వార్డెన్‌గారిదీ కాదు, వంటమనిషిదీ కాదు. అయినా ఇద్దరూ దానికి జవాబు చెప్పుకోవాలి.

ధర్మవరం పిల్లలకైతే ఇంట్లోనే ఇంకా మంచి ఉదాహరణ ఉంది. సొంతంగా పట్టు కొనలేని నేతగాడికి షావుకారు పడుగు, పేక, జరీ తూకం వేసి ఇస్తాడు. మగ్గం నేతగాడి ఇంట్లోనే ఉంటుంది. రాత్రింబవళ్ళు ఆ పట్టు అతని కళ్ళ ముందే ఉంటుంది, ముసలివాళ్ళు కండెలు చుడతారు, భార్య అతుకులు చూస్తుంది. కానీ ఒక్క పోగు కూడా వాళ్ళది కాదు. చీర కోసి తీసుకెళ్ళిన రోజు మళ్ళీ తూకం. ముడిపట్టును ఉడికిస్తే జిగురు పోయి దాదాపు నాలుగో వంతు బరువు తగ్గుతుంది కాబట్టి ఆ తరుగు కూడా లెక్కలోకి వస్తుంది. ఇంత లెక్క చెప్పి నేతగాడు తీసుకునేది మజూరీ మాత్రమే. ఈ పద్ధతిలో నేతగాడికి న్యాయం జరుగుతోందని మేము అనడం లేదు. అప్పుల్లో మునిగి ప్రాణాలు తీసుకున్న నేతన్నల ఊరు అది. మేము చెప్పదలచింది ఒక్కటే. ఇతరుల సొమ్మును ఇంట్లో పెట్టుకొని, దాన్ని పాడుచేయకుండా, పైగా దానికి అందం తెచ్చి తిరిగి ఇవ్వడం అంటే ఏమిటో మన ఊళ్ళకు తెలిసినంతగా చాలా ఊళ్ళకు తెలియదు.

ఇక ఈ విషయంలో అందరూ చెప్పే ఉపమానం మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఉంది. యజమాని దూరదేశం పోతూ ముగ్గురు దాసులకు తన సొమ్ము అప్పగిస్తాడు. ఒకడికి ఐదు తలాంతులు, ఒకడికి రెండు, ఒకడికి ఒకటి. మొదటి ఇద్దరూ వ్యాపారం చేసి రెట్టింపు చేస్తారు. మూడోవాడు గొయ్యి తవ్వి పాతిపెడతాడు. యజమాని తిరిగి వచ్చి లెక్క అడుగుతాడు. మనం చిన్నప్పటి నుండి ఈ కథ విని, ఒక తలాంతు అంటే చిల్లర డబ్బులని అనుకుంటాం. అక్కడే పొరపాటు పడుతున్నాం. తలాంతు అంటే మొదట ఒక తూనిక, తర్వాత ఆ తూకం డబ్బు. ఒక తలాంతుకు సుమారు 6,000 దేనారాలు. ఒక దేనారం ఆనాటి కూలివాడి దినకూలి. 2024-25లో ఉపాధి హామీ పనికి మన రాష్ట్రంలో నిర్ణయించిన దినకూలి 300 రూపాయలు. ఆ లెక్కన గుణించి చూడండి, ఒక తలాంతు 18 లక్షల రూపాయలు అవుతుంది. ఏడాదికి 300 రోజులు పని దొరికినా కూలిమనిషికి 20 ఏళ్ళ సంపాదన! అందరికంటే తక్కువ అందుకున్నవాడి చేతిలో ఉన్నది అది.

మరి అంత సొమ్ము ఎందుకు పాతిపెట్టాడు? సోమరితనం వల్ల అని ప్రసంగాల్లో చెబుతారు, యజమాని కూడా ఆ మాట అంటాడు. కానీ ఆ దాసుడు తన నోటితో చెప్పిన కారణం భయం. యజమాని కఠినుడని భయపడి దాచేశాడు. ఆ రోజుల్లో సొమ్ము భూమిలో పాతడం భద్రమైన పద్ధతే, దొంగతనం కాదు, దుబారా కాదు. ఒక్క పైసా పోగొట్టలేదు. అయినా ఉపమానంలో దెబ్బ పడింది వాడికే. పెనుకొండ వాళ్ళకు పాతిపెట్టిన సొమ్ము సంగతి బాగా తెలుసు. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు కాబట్టి గుప్తనిధుల కోసం గుట్టల్లో తవ్వేవాళ్ళ కథలు అక్కడ ఇప్పటికీ వింటాం. నిధి దొరికి బాగుపడినవాణ్ణి మాత్రం మేమింతవరకు చూడలేదు.

మన హాస్టళ్ళలో ఎక్కువగా జరిగేది ఈ పాతిపెట్టడమే అని మా అభిప్రాయం. ఇంగ్లీషులో నేర్పుకు టాలెంట్ అనే పేరు ఈ ఉపమానం నుండే వచ్చింది. పాట, బొమ్మ, లెక్క, ఆట, మాట, రిపేరు చేసే చెయ్యి, ఇవన్నీ తలాంతులే. ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న పిల్లవాడు క్లాసులో జవాబు తెలిసి కూడా చెయ్యి ఎత్తడు. ఇంగ్లీషు తప్పు పలికితే నవ్వుతారని నోరు తెరవడు. ఇంజనీరింగ్ సీటు వచ్చినా ఆ కాలేజీలో మనవాళ్ళెవరూ లేరని దగ్గర్లో డిగ్రీలో చేరతాడు. ఎవరి సొమ్మూ తినలేదు, ఎవరికీ అపకారం చేయలేదు. కానీ 18 లక్షలు మట్టిలో ఉన్నాయి. ఆ భయం ఊరికే పుట్టలేదు, దానికి కారణమైన సమాజం ఉంది. అది నిజమే. అయినా గొయ్యి తవ్వే పార మన చేతిలోనే ఉంటుంది.

భయపడాల్సినంత కారణం ఉండి కూడా పాతిపెట్టని మనిషి మన తెలుగువాడే ఒకరున్నారు. గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. అంటరానివాడని సభల్లో అవమానించిన వాళ్ళున్నారు. ఇటు క్రైస్తవుడై ఉండి పురాణాలు, సంస్కృతం ఎందుకని తప్పుపట్టిన వాళ్ళున్నారు. రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పే పని కూడా చేశారు. బడిపంతులుగా బతికారు. పద్యం మాత్రం వదల్లేదు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయనకు రెండువైపుల నుండీ తగిలిన దెబ్బల్లో సగం మనకు తగిలితే ఏమయ్యేవాళ్ళమో!

తలాంతు పెంచడానికి ఖర్చు అక్కర్లేదు. పదో తరగతి పిల్లవాడు సాయంత్రం స్టడీ అవర్లో ఆరో తరగతి వాళ్ళకు భిన్నాలు చెబితే ఇద్దరికీ వస్తాయి. ఐదు తలాంతులు పది కావడమంటే ఇంతకంటే వేరే లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఉపమానంలో యజమాని చివరికి, నీవేమీ చేయలేకపోతే కనీసం సాహుకారుల దగ్గరైనా ఉంచవలసింది కదా అని అడుగుతాడు. సొంతంగా ముందుకు వెళ్ళే ధైర్యం లేనివాడు చేయగలిగినవాడి పక్కన చేరవచ్చు అని మేము దాన్ని అర్థం చేసుకున్నాం. పోటీ పరీక్షలకు ఒంటరిగా చదవలేనివాళ్ళు నలుగురు కలిసి చదవడం అలాంటిదే.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. మొదటి జీతం ప్రశ్న అక్కడే నిలబడి ఉంది.

దశమభాగం అంటే ఆదాయంలో పదో వంతు. పాత నిబంధనలో అది ముఖ్యంగా పంట మీద, మంద మీద. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయంలో ఉన్న ఒక సంగతిని మన దగ్గర ఎక్కువగా చెప్పరు. ప్రతి మూడో సంవత్సరం ఆ పదో వంతును ఊళ్ళోనే కూడబెట్టి లేవీయులతో పాటు పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాండ్రకు తృప్తిగా తినడానికి పెట్టాలి. అంటే పదో వంతు వెళ్ళే దారుల్లో పేదవాడి ఇంటి గడప కూడా ఉంది. పుదీనాలో, సోపులో, జీలకర్రలో పదో వంతు లెక్కగట్టి ఇచ్చి, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసిన పెద్దలను యేసు గట్టిగా మందలించాడు.

తల్లిదండ్రుల సంగతి మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఉంది. అక్కడ కొర్బాను అనే మాట వస్తుంది. ఇది దేవునికి అర్పితం అని ఒక మాట అనేస్తే ఆ సొమ్ముతో తల్లిదండ్రులను పోషించనక్కర్లేదని కొందరు ఆచారం పెట్టుకున్నారు. యేసు దాన్ని ఒప్పుకోలేదు. ఆచారం పేరుతో దేవుని ఆజ్ఞనే కొట్టేస్తున్నారని అన్నాడు. కాబట్టి నాన్న అప్పు తీర్చడానికీ, అమ్మ కళ్ళకూ పెట్టే డబ్బు దేవునికి ఎగ్గొట్టిన డబ్బు అని ఎవరైనా భయపెడితే ఈ అధ్యాయం తీసి చూపించండి.

అలా భయపెట్టేవాళ్ళు ఈ రోజుల్లో పెరిగారు. వెయ్యి వేస్తే నూరంతలు వస్తుందని, రోగం పోతుందని, అప్పు తెచ్చి అయినా విత్తనం వేయమని చెప్పే మాటలు టీవీల్లో, సభల్లో వింటున్నాం. ఇవ్వడం వేరు, లాటరీ టిక్కెట్టు కొనడం వేరు. పేద విధవరాలు కానుక పెట్టెలో రెండు కాసులు వేసిన సంగతి వీళ్ళు తప్పకుండా చెబుతారు. అదే అధ్యాయంలో, ఆ సంగతికి కాస్త ముందే, విధవరాండ్ర ఇళ్ళను దిగమింగే శాస్త్రులను యేసు ఖండించిన మాటలు ఉన్నాయి. రెండూ కలిపి చదవాలి. విధవరాలిని మెచ్చుకున్న నోరే ఆమె దగ్గర గుంజుకునేవాణ్ణి తిట్టింది.

అలాగని పేదవాళ్ళు ఇవ్వకూడదని మేము అనడం లేదు. పేదవాళ్ళకు ఇచ్చే చెయ్యి ఉండదని అనుకోవడం కూడా ఒకరకమైన చిన్నచూపే. వి.యస్. అజరయ్యగారి సంగతి తెలుసుకోండి. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల్లో ఆయనే మొదటి బిషప్పు. 1945లో చనిపోయే వరకు ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని దోర్నకల్ ఆయన కేంద్రం. ఆయన సంఘాల్లో చేరినవాళ్ళలో అత్యధికులు మాల, మాదిగ వ్యవసాయ కూలీలు, అంటే మన తాతముత్తాతల వంటివాళ్ళు. విదేశీ డబ్బు మీద బతికే సంఘానికి గౌరవం ఉండదని ఆయన నమ్మకం. డబ్బు లేని ఇల్లాలు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. వారానికొకసారి ఆ పిడికెళ్ళన్నీ గుడికి చేరేవి. గుడ్లు, కోళ్ళు, కొత్త పంట గింజలు అలాగే వచ్చేవి. దోర్నకల్ కతీడ్రల్ ఏళ్ళ తరబడి కట్టగా 1939 జనవరిలో ప్రతిష్ఠ జరిగింది. క్రైస్తవులు ఎలా ఇవ్వాలి అన్న విషయం మీద ఆయన ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు.

ఆ అలవాటు మన చర్చిల్లోనూ ఉంది. కోతపండుగ రోజు శెనక్కాయల మూట, చింతపండు, గుమ్మడికాయ, నాటుకోడి తెచ్చి పెడతారు, తర్వాత వేలం వేస్తారు. హిందూపురం మార్కెట్‌లో దొరికే ధరకు నాలుగింతలు పెట్టి చింతపండు పాడుకున్న పెద్దమనిషి దాన్ని మళ్ళీ చర్చికే ఇచ్చి రెండోసారి పాడించడం మేము చూశాం. అందులో కొంచెం డాబు ఉంది, ఒప్పుకుంటాం. కానీ పిడికెడు బియ్యంలో ఉన్న కిటుకు ఒకటి గమనించండి. ఇల్లాలు వండక ముందే తీసి పెడుతుంది. తిన్నాక మిగిలితే ఇద్దాం అనుకుంటే ఎన్నడూ మిగలదు. పొదుపుకూ అదే సూత్రం.

పొదుపు అనగానే వడ్డీ సంగతి. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీలో ఉత్పత్తి మొదలయ్యాక మన పిల్లలు చాలామందికి ఆ చుట్టుపక్కల నెలజీతం పనులు దొరికాయి. సంతోషమే. కానీ జీతంతో పాటు కంతులు కూడా వచ్చాయి. వందకు మూడు రూపాయల వడ్డీ అంటే ఎంతో తక్కువ అనిపిస్తుంది. అది నెలకు. ఏడాదికి నూటికి 36. యాభై వేలు తీసుకుంటే నెలకు 1,500 వడ్డీ. 34 నెలలు తిరిగేసరికి వడ్డీయే అసలును దాటుతుంది, అసలు యాభై వేలు అలాగే నిలబడి ఉంటుంది. లెక్కలు వచ్చిన హాస్టల్ పిల్లవాడు ఊళ్ళో అమ్మానాన్నలకు ఈ ఒక్క లెక్క కాగితం మీద వేసి చూపిస్తే, అది చర్చిలో వేసే ఏ కానుకకూ తక్కువ కాదు. మరి మొదటి జీతానికి మేము చెప్పే వరుస ఇది. ముందు ఎక్కువ వడ్డీ అప్పు, అమ్మానాన్నల మందూ తిండీ. వాటితో పాటే, చిన్నదైనా సరే, ముందుగా తీసిపెట్టే పిడికెడు. బండి తర్వాత. ఈ వరుస అందరికీ నచ్చకపోవచ్చు. మాలోనే ఇద్దరు దశమభాగం మొదట ఉండాలని చివరిదాకా వాదించారు.

వస్తువుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. లేవీయకాండం 25వ అధ్యాయంలో దేవుడు భూమి తనదని, మనుషులు దాని మీద పరదేశుల వంటివాళ్ళని అంటాడు. అందుకే 19వ అధ్యాయంలో పొలం అంచుల దాకా కోయవద్దనీ, రాలినది ఏరుకోవద్దనీ, అది బీదలకు వదలమనీ చెప్పాడు. రూతు అలా పరిగె ఏరుకునే బతికింది. శెనక్కాయ చెట్లు పీకేశాక మట్టిలో మిగిలిన కాయల కోసం పరిగెకు వెళ్ళిన పిల్లలు మనలో ఎంతమందో! పొలం వాళ్ళు అరిస్తే పరుగెత్తినవాళ్ళం. ఆ పుస్తకం ప్రకారం ఆ కాయలు దయతో పెట్టినవి కావు, మన హక్కు. ఇదే తర్కం హాస్టల్‌కూ వర్తిస్తుంది. ఫ్యాను, కొళాయి, దుప్పటి, లైబ్రరీ పుస్తకం ప్రభుత్వానివి, ఎవరివీ కావు అనుకుంటాం. సబ్బు కొన్న ప్రతి కూలిమనిషి కట్టిన పన్ను అందులో ఉంది. వచ్చే ఏడాది ఆ మంచం మీద పడుకోబోయే పిల్లవాడు ఇప్పుడు ఏ తండాలోనో ఐదో తరగతి చదువుతున్నాడు.

ఇలా అప్పగించిన సొమ్ముతో ఏం చేయవచ్చో మన పక్కనే కనిపిస్తుంది. స్పెయిన్ దేశస్థుడైన విన్సెంట్ ఫెర్రర్ జెస్యూట్ సభకు చెందిన వ్యక్తిగా మన దేశానికి వచ్చి, 1969లో అనంతపురం చేరారు. తర్వాత ఆ సభను వదిలిపెట్టారు. ఆయన స్థాపించిన ఆర్.డి.టి. చర్చి సంస్థ కాదు, అందులో మతప్రచారం లేదు. స్పెయిన్‌లో మామూలు కుటుంబాలు నెలనెలా పంపిన చిన్న చిన్న మొత్తాలతో మన జిల్లాల్లో ఇళ్ళు, బడులు, ఆస్పత్రులు వచ్చాయి. 2009 జూన్ 19న ఆయన చనిపోతే ధర్మవరానికి దగ్గర్లోని బత్తలపల్లిలో సమాధి చేశారు. అక్కడి ఆస్పత్రికి మనవాళ్ళలో వెళ్ళని ఇల్లు తక్కువ.

అంబేద్కర్‌గారు కూడా 1913లో బరోడా మహారాజు శాయాజీరావు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళారు. తిండి తగ్గించుకొని పుస్తకాలు కొన్నారు. 1956 మార్చి 18న ఆగ్రా సభలో, చదువుకున్నవాళ్ళు తనను మోసం చేశారని, తమ కడుపు చూసుకోవడంతోనే ఆగిపోయారని ఆయన బాధపడ్డారు. ఆయన క్రైస్తవుడు కాదు, ఆ ఏడాదే బౌద్ధం తీసుకున్నారు. కానీ ఆయన అడిగింది లెక్కే.

మేము ఈ ఏడాది మొదలుపెట్టినది చాలా చిన్న పని. ఇంటర్, డిగ్రీ, పాలిటెక్నిక్ పాత పుస్తకాలు, పోటీ పరీక్షల మెటీరియల్ పోగుచేసి హాస్టల్ బీరువాలో పెడుతున్నాం. వాటికి వేరే రిజిస్టరు ఉంది. ఇవ్వదలచిన అన్నలు, అక్కలు వార్షికోత్సవం రోజు తెచ్చి వాచ్‌మన్ గది పక్క బల్ల మీద ఇవ్వగలరు. తీసుకునే తమ్ముళ్ళు పేరు, తరగతి, తేదీ రాసి సంతకం పెట్టాలి. పరీక్షలయ్యాక పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు చిరిగిన అట్టకు కొత్త అట్ట వేసి ఇవ్వాలి. గమ్, బ్రౌన్ పేపరు బీరువా కింది అరలో ఉంటాయి.